చేరిన రోజే పరీక్ష పెడితే రాయాలా? కాలేజీ గడప దగ్గర మన చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. అడ్మిషన్ల రోజులు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

మొన్న శనివారం వాడపల్లిలో ఉన్నాను. ఏడు శనివారాల వెంకన్న గుడి తెలుసు కదా, ఆ రోజు అక్కడ ఇసకేస్తే రాలదు. చింతూరు వైపు నుంచి వచ్చిన కోయ తమ్ముడొకడు అక్కడ టిఫిన్ హోటల్లో సెలవులంతా పని చేస్తున్నాడు. ఇంటర్ తెలుగు మీడియంలో పాసయ్యాడు. డిగ్రీలో చేరాక బట్టలకీ, పుస్తకాలకీ పనికొస్తాయని డబ్బులు దాచుకుంటున్నాడు. రద్దీ తగ్గాక గోదారి గట్టు మీద కూర్చున్నాం. "అన్నా, నేను చేరబోయే కాలేజీలో మొదటి వారమే ఏదో పరీక్ష పెడతారంట. తక్కువొస్తే సీటు పోద్దా? ఆ రోజు మానేస్తే మంచిదా?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నేనూ అలాంటి పరీక్ష రాశాను. ఏ కాలేజీ అనేది వదిలేయండి. ఇంగ్లీషులో 50కి 11 వచ్చాయి. నోటీసు బోర్డు మీద పేర్లు, మార్కులు అంటించారు. మమ్మల్ని 'సి బ్యాచ్' అన్నారు. ఆ తర్వాత? ఏమీ లేదు. ఒక్క క్లాసు ఎక్కువ చెప్పలేదు. మూడేళ్లూ ఆ పేరు మాత్రం మిగిలింది.

మరి తమ్ముడికి ఏం చెప్పాలి? దానికి ముందు కాలేజీ గడప దగ్గర పెట్టే పరీక్షల చరిత్ర కొంచెం చూద్దాం.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది. అప్పుడు రాజమండ్రి, కోనసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ విశ్వవిద్యాలయం లోపలికి పోవాలంటే మెట్రిక్యులేషన్ పరీక్ష గట్టెక్కాలి. మన తాతల కాలంలో "మెట్రిక్ పాస్" అంటే బడి చదువు పూర్తయిందని అనుకునేవారు. అసలైతే అది విశ్వవిద్యాలయం తన గుమ్మం దగ్గర పెట్టుకున్న ప్రవేశ పరీక్ష. ఇంగ్లీషు రాకుండా దాటేది కాదు. రాజమండ్రిలో 1853లో మొదలైన ప్రభుత్వ పాఠశాల తర్వాత కాలేజీ అయింది. కోనసీమ కుర్రాళ్లు గోదారి దాటి అక్కడికి చదువుకి వెళ్లేవారు.

అక్కడికి అరవై కిలోమీటర్ల లోపే రంపచోడవరం. 1879లో ఆ కొండల్లో మనవాళ్లు చిగురుపన్ను మీద, మన్సబుదారు, పోలీసుల దోపిడీ మీద తిరగబడ్డారు. ఒకే నది ఒడ్డున ఒకచోట మెట్రిక్యులేషన్‌కి చదువుతున్నారు, ఇంకోచోట కల్లు గీసుకునే హక్కు కోసం తుపాకులకి ఎదురు నిలబడ్డారు. పరీక్షలో మనవాళ్లు తప్పలేదు. ఆ పరీక్ష దాకా తీసుకెళ్లే బడే లేదు.

తర్వాత మెట్టు 1951. మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. లెక్క సరిగ్గా సరిపోయింది కదా? అందులో గిరిజనులకంటూ ఒక్క గడీ లేదు. మార్కులు చూడాలా, కులం చూడాలా అని పెద్ద వాదన నడిచిన ఆ పట్టికలో మన పేరే లేదు.

ఆ జీవో మీద చంపకం దొరైరాజన్ కేసు నడిచింది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు జీవో చెల్లదంది. అదే ఏడాది జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి 15(4) చేరింది. అందులో "షెడ్యూల్డ్ తెగలు" అనే మాట స్పష్టంగా ఉంది. ఈ రోజు మనం కాలేజీలో చూపించే ఎస్టీ సర్టిఫికెట్‌కి విలువ అక్కడి నుంచి వచ్చింది.

ఇక 1986. ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ మొదలైంది. అదే ఏడాది ఎస్టీ రిజర్వేషన్ 4 నుంచి 6 శాతం అయింది. అంటే ఒక చేత్తో సీటు పెంచారు, రెండో చేత్తో కొత్త పరీక్ష పెట్టారు. న్యాయంగా చెప్పాలంటే ఎంసెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు కనీస అర్హత మార్కులు పెట్టలేదు. ఆ మేరకు తలుపు తెరిచే ఉంచారు. కానీ ర్యాంకు చూసే పరీక్ష ఉన్నచోట కోచింగ్ పుడుతుంది. కోచింగ్ పట్నంలో ఉంటుంది. ఏజెన్సీ పిల్లాడు సీటు తెచ్చుకున్నా మొదటి సెమిస్టర్‌లో బ్యాక్‌లాగులు పడితే "రిజర్వేషనోడు" అనేస్తారు. లోపలికి రానిచ్చాక ఏం నేర్పించారని ఎవరూ అడగరు.

మామూలు డిగ్రీకి ఇలాంటి ఎంట్రన్స్ లేదు, ఇంటర్ మార్కులు చాలు. అయితే మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు. ఆ తమ్ముడి సంగతి చూడండి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఇప్పుడు ఇంగ్లీషు. సీటు దొరకడం తేలికే. ఆరు నెలల తర్వాత ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకుని ఊరికి పోవడం కూడా అంతే తేలిక. మనలో చాలామంది అలా పోయినవాళ్లని చూశాం.

అందుకే "పరీక్షే వద్దు" అని నేను అనలేను. పిల్లాడికి ఏం వచ్చు, ఏం రాదు అని కాలేజీకి తెలియకపోతే ఎలా నేర్పుతుంది? ఒంట్లో బాగోలేదని వెళ్తే డాక్టరు నాడి చూడాలి కదా. కాకపోతే నాడి చూసి మందివ్వకుండా "వీడు రోగిష్టి" అని బోర్డు పెడితే అది వైద్యం కాదు.

మందిచ్చిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఐఐటీల్లో 1973 నుంచి ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ వచ్చింది. తర్వాత ప్రిపరేటరీ కోర్సు పెట్టారు. కటాఫ్‌కి కొంచెం తగ్గినవాళ్లని ఏడాదిపాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ చదివించి, అది పాసైతే మళ్లీ ఎంట్రన్స్ లేకుండా బీటెక్‌లోకి తీసుకుంటారు. అక్కడ తక్కువ మార్కు వస్తే ఆ పిల్లాడికి చదువు చెప్పే పని కాలేజీ మీద పడుతుంది.

ఇందులో ప్రమాదమూ ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో చేరగానే ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టేవారు. తక్కువొస్తే రెమెడియల్ క్లాసులు. వాటికి డిగ్రీ క్రెడిట్లు రావు, ఒకదాని తర్వాత ఇంకొకటి. చాలామంది పేద పిల్లలు ఆ క్లాసుల్లోనే ఇరుక్కుపోయి, అసలు కోర్సు మొహం చూడకుండానే మానేశారు. 2017లో ఏబీ 705 అనే చట్టం తెచ్చారు. హైస్కూలు మార్కులు చూడాలి, పిల్లల్ని ఊరికే కింది క్లాసుల్లోకి తోసేయకూడదు అన్నారు. సాయం పేరుతో పెట్టిన క్లాసే ఇంకో గోడ అవ్వొచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇదంతా ఆ తమ్ముడికి గట్టు మీద ముక్కలు ముక్కలుగా చెప్పాను. చివరికి "మానేయకు, రాయి. కానీ రాసే ముందు ఈ నాలుగూ అడుగు" అన్నాను:

1. సీటు ఖాయమయ్యాకే పెడుతున్నారా? ఈ మార్కుల వల్ల సీటు గానీ, కోర్సు గానీ మారవు కదా?
2. ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయా? ఇంగ్లీషు రానంత మాత్రాన లెక్కలు రానట్టు కాదు.
3. మార్కులు నాకూ, మా సారుకే తెలుస్తాయా, నోటీసు బోర్డెక్కుతాయా?
4. తక్కువొస్తే ఏ క్లాసు చెప్తారు, ఎవరు చెప్తారు, ఎప్పటికి పూర్తి చేస్తారు? అసలు పాఠాలు ఆగకుండా దాంతోపాటే నడుస్తాయా?

నాలుగోదానికి జవాబు లేకపోతే ఆ పరీక్ష వల్ల మనకి పైసా లాభం లేదు. జవాబు ఉంటే మాత్రం అది మన హక్కు. రాతపూర్వకంగా తీసుకోండి.

"నేనొక్కడినే అడిగితే ఏమనుకుంటారన్నా?" అన్నాడు వాడు. నిజమే. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఒక్కడే ప్రిన్సిపాల్ గదిలో నిలబడి అడగలేడు. అందుకే ఈ పోస్టు. రాజమండ్రి, అమలాపురం, రావులపాలెం, కాకినాడ వైపు కాలేజీల్లో ఇప్పటికే చదువుతున్న అన్నలూ అక్కలూ, మీ కాలేజీలో ఈ పరీక్ష ఉందా, ఆ తర్వాత ఏం చేస్తున్నారో కింద రాయండి. కొత్తగా చేరే తమ్ముడితో, చెల్లితో ఆ మొదటి రోజు మీలో ఒకరు వెళ్లండి. 1951కి ముందు పట్టికలో మన పేరు లేదు. ఇప్పుడు ఉంది, కాబట్టి అడిగే పని కూడా మనదే.

జై ఆదివాసీ.