ధనాపేక్ష లేని పత్రికలు

పత్రిక నడపువానిని జూచి లోకము మొట్టమొదట నడుగు ప్రశ్న యొకటి కలదు: "ఇందువలన మీకేమి మిగులును?" ఈ ప్రశ్న తప్పని మేమనము. సంసారి యైనవాడు ఆయవ్యయములు చూచుకొనక తప్పదు. కాని కొన్ని కార్యముల లాభము ఇంటి జమాఖర్చు పుస్తకమున కనబడదు. నిజాము రాష్ట్రమున 1922వ సంవత్సరమున వెలువడిన రెండు చిన్న తెలుగు వారపత్రికల చరిత్రము ఇందుకు నిదర్శనము.

ఆనాటి స్థితిని పాఠకులు మొదట భావింపవలెను. ఆ రాష్ట్రపు ప్రజలలో సగమునకు దగ్గఱగా తెలుగు మాటలాడువారే. అయినను కచ్చేరీల భాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. 1921 నవంబరు నెలలో హైదరాబాదున జరిగిన సంఘసంస్కారసభలో ఒక వక్త తెలుగున ఉపన్యసింప నారంభింపగా, సభలోని కొందఱు గేలిచేసి ఆయన మాట సాగనీయరైరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. సంఘము పుట్టినది సరియే. దాని మాటను పల్లెలకు చేర్చు సాధనమేది?

ఆ సాధనమును కల్పించినది ప్రభుత్వము కాదు. వరంగల్లు ప్రాంతమున ఇనుగుర్తి యను గ్రామము కలదు. అచ్చటి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు బహుభాషావేత్తలు. వారు తమ పల్లెయందే ముద్రణయంత్రము నెలకొల్పి "తెనుగు" అను పత్రికను ప్రారంభించిరి. వ్రాయువారు వారే, అక్షరములు కూర్చువారు వారే, అచ్చువేయువారు వారే. కట్టలు కట్టి టపాకు చేర్చువారును వారే. అదే యేట నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు "నీలగిరి" పత్రికను వెలువరించిరి. చదువనేర్చినవారే అరుదైన దేశమున తెలుగు పత్రికకు చందాదారు లెందఱుందురు? లాభము నాశించువాడు ఇట్టిచోట అచ్చుయంత్రమును దింపడు.

ఈ రెండు పత్రికలును చిరకాలము నిలువలేదు. కొన్ని యేండ్లకే ఆగిపోయినవి. ఇంతమాత్రముచేత ఆ శ్రమ వ్యర్థమైనదని తలచుట పొరపాటు. 1926లో హైదరాబాదున "గోలకొండ" పత్రిక పుట్టినప్పుడు, తెలుగున వార్తలు చదువ నలవాటుపడిన కుటుంబములు కొన్నియైనను జిల్లాలలో నుండెను. ఆ పత్రికా సంపాదకులైన సురవరము ప్రతాపరెడ్డిగారు, తెలంగాణమున కవులే లేరన్న యాక్షేపణకు కోపముతో బదులు చెప్పలేదు. 1934లో 354 మంది కవుల రచనలతో "గోలకొండ కవుల సంచిక"ను ప్రకటించిరి. ఊరూర దాగియున్న ఇందఱి పద్యములు ఒక్కచోటికి చేరుట, వ్రాయువారిని చదువువారిని కలుపు పత్రిక లేనిచో సాధ్యమయ్యెడిదా? "ఏమి మిగిలెను?" అను ప్రశ్నకు ఆ సంచికయే ప్రత్యుత్తరము.

ఇచ్చట మఱియొక మాట చెప్పక తప్పదు. సేవాబుద్ధితో వ్రాయువాడు ఆకలి నెఱుగనివాడు కాడు. కాగితమునకు, సిరాకు, టపాకు వెల యీయవలసినదే. సంపాదకుని త్యాగమును సభలలో కొనియాడి, పత్రికను ఇరుగుపొరుగిండ్లనుండి యెరువు తెచ్చుకొని చదువు పాఠకుడు ఆ త్యాగమునకు భాగస్వామి కాజాలడు. అనేక పత్రికలను చంపినది శత్రువుల ద్వేషము కాదు, మిత్రుల యశ్రద్ధ. ధనాపేక్ష లేకుండుట వ్రాయువాని ధర్మము. అతనిని ఋణములపాలు చేయకుండుట చదువువారి ధర్మము.

నేడు వ్రాయదలచినవానికి సీసపు టక్షరములు కూర్చు శ్రమ లేదు. అరచేతిలోని యంత్రముననే వ్రాసి దేశదేశముల తెలుగువారికి చూపవచ్చును. సాధనము సులభమైనకొలది "ఇందువలన నెంత వచ్చును?" అను ప్రశ్నయే ముందుకు వచ్చుచున్నది. ప్రతి యూరను ఇంకను వ్రాయబడని సంగతు లెన్నియో కలవు: చెఱువు త్రవ్వించినవారి కథ, మొదటి బాలికాపాఠశాల కథ, మన యవ్వలు పాడిన పాటలు. వీనికి వెల కట్టువాడు లేడు. ఎఱిగిన వృద్ధులు గతించిన పిమ్మట వీనిని చెప్పువాడును ఉండడు. ఇనుగుర్తి సోదరులవలె ఎవరో యొకరు పూనుకొని, చెప్పువా రుండగానే వ్రాసి పెట్టవలెను. ఆ పనిని మన యింటినుండియే యేల ప్రారంభింపరాదు?