డిస్మిస్ అయినవాడి పింఛను: రైలు క్వార్టర్ల నాటి ప్రశ్న

ఖుర్దా రోడ్డు, ఖరగ్‌పూర్, నాగపూర్... బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాలు పోయిన ఊళ్లల్లో మన తెలుగువాళ్ల క్వార్టర్లు వెలిశాయి. ఆ ఇళ్లల్లో ఇప్పటికీ ఒక మాట నలుగుతూనే ఉంటుంది: తప్పు చేశాడని ఉద్యోగం తీసేస్తే పింఛనూ పోయినట్టేనా? పోయినట్టే అంటారు కొందరు. పింఛను మన హక్కు, ఎవరూ ముట్టుకోలేరంటారు ఇంకొందరు. రెండింట్లోనూ సగం సగం నిజం ఉంది.

మన ముత్తాతల కాలంలో రైలు పనివాళ్లకు పింఛను కాదు, ప్రావిడెంట్ ఫండ్ ఉండేది. జీతంలో కోసింది ఒక పద్దు, రైల్వే కలిపేది ఇంకో పద్దు. ఆ రెండోదాన్ని బోనస్ అనేవారు. 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం కింద, డిస్మిస్ అయినవాడి బోనస్‌ను రూల్స్ ప్రకారం యాజమాన్యం ఆపుకోవచ్చు. మనిషి తాను కట్టుకున్నదీ, దాని వడ్డీ మాత్రం వాడివే. అప్పులవాళ్లు కూడా దాన్ని జప్తు చేయించలేరు.

సర్కారు కచేరీ ఉద్యోగుల సంగతి వేరు. వాళ్లకి పింఛను ఉండేది గానీ, దొరలు మెచ్చి ఇచ్చిన ఇనాంలాగే చూసేవారు. సివిల్ సర్వీస్ రెగ్యులేషన్లలో 353వ నిబంధన తేల్చి చెప్పేది: దుష్ప్రవర్తనకి, దివాలాకి, అసమర్థతకి తీసేస్తే పింఛను లేదు. మరీ జాలిపడదగ్గ సందర్భమైతే కారుణ్య భత్యం, అదీ మూడింట రెండు వంతులు దాటకుండా. ఈ లెక్క తెల్లదొరలతో పోలేదు. 1972 నాటి కేంద్ర పింఛను రూల్స్‌లోకి, తర్వాత 1993 నాటి రైల్వే పింఛను రూల్స్‌లోకి దాదాపు అలాగే నడిచొచ్చింది.

1957లో రైల్వేకి పింఛను పద్ధతి వచ్చింది. పాతవాళ్లకి ఎంచుకునే వీలిచ్చారు. పింఛనులోకి వెళ్లినా సొంత పి.ఎఫ్. భద్రమే. కానీ ఉద్యోగం ఊడితే పోయేది ఇదివరకటి బోనస్ కాదు, బతికినన్నాళ్లూ నెలనెలా వచ్చే డబ్బు. ఆ తేడా ఎంత పెద్దదో 1974లో తెలిసింది.

ఆ ఏడు మే 8 నుంచి 27 దాకా దేశమంతా రైల్వే సమ్మె. వేలమందిని తీసేశారు, చాలామందిని విచారణ కూడా లేకుండానే. అప్పుడు రాష్ట్రపతి ఎవరు? మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరి! ఒకప్పుడు ఇదే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెని నడిపిన మనిషి. చరిత్రకి ఇలాంటి వేళాకోళాలు ఇష్టమేమో. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక రైల్వే మంత్రి మధు దండవతే సమ్మెవాళ్లని తిరిగి పనిలోకి తీసుకున్నారు. తిరిగి తీసుకోకపోతే ఏళ్ల సర్వీసు గాలికి పోయేదే.

కోర్టుల సంగతికొస్తే, 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో, 1982లో నకారా కేసులో, పింఛను దయాధర్మం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. మరి డిస్మిస్ అయితే ఎందుకు పోతుంది? రూల్ పింఛను మీద కాదు, సర్వీసు మీదే దెబ్బ కొడుతుంది. గడిచిన సర్వీసే లెక్కలోంచి పోతే పింఛను కట్టడానికి ఆధారం ఏముంటుంది! మాకు ఇది కఠినంగానే కనిపిస్తుంది, శిక్ష భార్యాపిల్లలకీ పడుతుంది కాబట్టి. 2014లో మహీందర్ దత్ శర్మ కేసులో సుప్రీంకోర్టు కారుణ్య భత్యానికి కాస్త ప్రాణం పోసింది: నీతిమాలిన పని, మోసం, అక్రమార్జన లాంటివి లేనప్పుడు పాత సర్వీసుని చూడాలంది.

ఇప్పటివాళ్లకి లెక్క మళ్లీ మారింది. 2004 జనవరి 1 తర్వాత కేంద్ర ఉద్యోగంలో చేరినవాళ్ల ఎన్.పి.ఎస్. ఖాతా సొమ్ము డిస్మిస్ అయినా పోదు. ఒకరకంగా ముత్తాతల పి.ఎఫ్. రోజులే తిరిగొచ్చాయి. కంపెనీల్లో చేసేవాళ్ల ఇ.పి.ఎస్. పింఛనుకీ డిస్మిస్ అడ్డం కాదు. ప్రభుత్వ శాఖ కంపెనీగా మారినప్పుడు అందులో కలిసినవాళ్లకి మాత్రం 2025 మేలో రూల్ బిగించారు: కంపెనీ తీసేస్తే పాత సర్కారు సర్వీసు పింఛనూ పోవచ్చు, అయితే ఆ నిర్ణయాన్ని మంత్రిత్వ శాఖ పరిశీలించాలి.

ఎవరింట్లోనైనా ఇలాంటి కాగితం వస్తే ముందు అందులో మాట చూడండి. డిస్మిసల్, రిమూవల్ రెండింటికీ పాత పింఛను పోతుంది, కారుణ్య భత్యం అడగొచ్చు. శిక్షగా కంపల్సరీ రిటైర్‌మెంట్ అని ఉంటే మాత్రం, రావలసిన పింఛనులో మూడింట రెండు వంతులకి తగ్గకుండా ఇవ్వాలి.