మర్దుమ్‌షుమారీలో దరియాకు ఖానా లేదు

జనాభా లెక్కలను ఉర్దూలో మర్దుమ్‌షుమారీ అంటారు. మర్దుమ్ అంటే మనుషులు, షుమారీ అంటే లెక్కింపు. ఉర్దూ మీడియంలో చదువుకున్న నాకు ఇప్పటికీ ముందు ఆ మాటే నోటికొస్తుంది. పత్రికల్లోకి వచ్చాక జిల్లా మర్దుమ్‌షుమారీ పుస్తకాలు తిరగేయడం అలవాటైంది. ప్రతి గ్రామానికీ ఒక వరుస ఉంటుంది. ఆబాదీ ఎంత, ఇళ్లెన్ని, బస్సు వస్తుందా, రైల్వే స్టేషన్ ఉందా? ఊళ్లో లేకపోతే దూరం ఎంతో 2011 పుస్తకాల్లో మూడు అక్షరాలతో తేల్చేశారు. 5 కిలోమీటర్ల లోపైతే ఏ, 5 నుంచి 10 అయితే బీ, 10 దాటితే సీ. హిసాబ్ సాఫ్! కానీ మధ్యలో దరియా ఉందా అనే ఖానా మాత్రం అందులో లేదు.

గోదావరి డెల్టాలో అదే అసలు సవాల్. కోటిపల్లిని చూడండి. గౌతమి ఒడ్డున సోమేశ్వరాలయం ఉన్న ఊరు. ఎదుటి ఒడ్డున ముక్తేశ్వరం, అది దాటితే అమలాపురం. రేవులో పంటు ఎక్కితే కాసేపట్లో అవతల ఉంటాం. వరదొస్తే పంటు ఆగిపోతుంది. అప్పుడు అటు రావులపాలెం వైపో, ఇటు యానాం దగ్గర 2002లో వచ్చిన ఎదుర్లంక వంతెన మీదుగానో చుట్టు తిరగాలి.

అలాగని కోటిపల్లి రైలు ఎరగని ఊరు కాదు. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా సుమారు 45 కిలోమీటర్ల లైను 1928లోనే అక్కడికి వచ్చింది. రెండో ప్రపంచ జంగ్ మొదలయ్యాక, 1940లో అంగ్రేజీ హుకూమత్ ఆ పట్టాలు పీకించేసింది. జంగ్ ఎక్కడో, జుర్మానా ఇక్కడ! పట్టాలు మళ్లీ పడింది 2004లో. అంటే 64 ఏళ్ల ఇంతిజార్. ఆ తర్వాత కూడా చాలాకాలం ఒకే పెట్టె రైల్‌బస్ నడిచింది.

కోటిపల్లి నుంచి నరసాపురానికి కొత్త లైను 2000-01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. దానికోసం పట్టుబట్టిన అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాల్సిన ఆ లైను పాతికేళ్లలో పూర్తి కాలేదు.

ఇలాంటి చోట్ల ఎప్పుడూ ఒకే సవాల్ ఎదురవుతుంది: ‘ఎక్కేవాళ్లెందరు?’ ఆబాదీ తక్కువైతే రాస్తా అనవసరమని దాని మత్‌లబ్. ఈ డెల్టా తవారీఖ్ మాత్రం ఉల్టా చెబుతుంది. 1821లో రాజమండ్రి జిల్లా జనం ఏడు లక్షలకు పైమాటే. 1833 కరువు, తుఫానులు, వలసల తర్వాత 1841 నాటికి ఆరు లక్షలకన్నా తగ్గిపోయారు. ‘జనమే లేరు, కాలువలెందుకు’ అని అప్పుడు అనుకుని ఉంటే? ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆయన కాలువలు పొలానికి నీళ్లిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. డెల్టా ధాన్యం నీళ్లమీదే కాకినాడ రేవుకు చేరింది. ఏలూరు దగ్గర కృష్ణా కాలువలతో కలిసి, అక్కడి నుంచి మద్రాసు దాకా జలమార్గం ఏర్పడింది. పోయిన జనం తిరిగొచ్చారు, కొత్తవాళ్లూ వచ్చారు. 2011 నాటికి ఒక్క తూర్పుగోదావరి జిల్లా ఆబాదీయే 51 లక్షలు దాటింది.

ఇక్కడ ముందు నీళ్లూ దారీ వచ్చాయి, వాటి వెనకే మనుషులు వచ్చారు. అందుకే చిన్న ఊరి ఆబాదీని చూపించి దారి ఆపడం నాఇన్సాఫీ. కాన్పు నొప్పులొచ్చిన ఆడమనిషికీ, కాలేజీకి వెళ్లే పిల్లలకూ కావలసింది వరదలోనూ ఆగని రాస్తా.

2027 మర్దుమ్‌షుమారీ రాబోతోంది. మ్యాప్ మీద తిన్నగా గీత గీసి కొలిస్తే ముక్తేశ్వరానికి కోటిపల్లి స్టేషన్ 5 కిలోమీటర్ల లోపే. అక్షరం ఏ. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజున ఆ ఏ అక్షరం పట్టుకుని ఏ ముసాఫిర్ గౌతమి దాటగలడు?