ఇంటిపన్ను

మన యిండ్లలో పంచాంగమునకొక చోటు కలదు. పాలలెక్కకొక చోటు కలదు. చాకలిపద్దునకు సైత మొక చోటు కలదు. ఏటికి రెండుమారులు చెల్లింపవలసిన ఇంటిపన్ను చీటికి మాత్రము చోటు లేదు. అది వచ్చిన దినమున యజమాని అడుగునగల మొత్తమును మాత్రము చూచి, పెరిగినదని గొణిగికొని, గూటిలోనికి త్రోసివేయును. గడువు దాటిన పిమ్మట ఇల్లెల్ల వెదకుదురు. ఈ మొత్తమును ఎవరు నిర్ణయించిరి? దేనినిబట్టి నిర్ణయించిరి? ఇది ఏ పనులకు పోవుచున్నది? ఈ మూడు ప్రశ్నలు విద్యావంతుల గృహములలోనైనను అరుదుగా వినవచ్చును. కాని మన దేశమున రెండు శతాబ్దములుగా ఇంటిపన్నును గూర్చి జరిగిన కలహములకెల్ల ఈ మూడు ప్రశ్నలే మూలము. వానికొరకు తెలుగువా రొకమారు పట్టణమునే విడిచి పోయిరి. ఆ చరిత్రను కొంత తెలిసికొని, పిదప చీటిని విప్పి చూచుట మేలు.

ఇంటిమీద పన్ను తెల్లవారు తెచ్చిన క్రొత్త కాదు. కాకతీయుల కాలపు పన్నులలో పుల్లరితోపాటు ఇల్లరియు కానవచ్చుచున్నది. అరి యనగా పన్ను. పుల్లరి పచ్చికమీదిది, ఇల్లరి ఇంటిమీదిది. తరువాతి కాలమున మగ్గములు, దుకాణములు, చేతివృత్తులు, కొన్నిచోట్ల ఇండ్లు, మొహతర్ఫా యను పేర పన్నునకు లోబడెను. దత్తమండలములలో వర్తకులు వీసబడి చెల్లించుచుండిరి. కుంఫిణీ ప్రభుత్వము వీనిని చిరకాలము కొనసాగించెను. చెన్నపురి రాజధానిలో మొహతర్ఫా 1861వ సంవత్సరమున గాని తొలగిపోలేదు. ఈ పన్నులన్నిటికిని ఒక లక్షణము సమానము: ధనము వీథినుండి ఖజానాకు పోవును, ఖజానానుండి వీథికి తిరిగి వచ్చునను హామీ లేదు. చెల్లించువానికి లెక్క యడుగు హక్కు ఉన్నదని తలచిన వారును లేరు.

అట్టి హక్కు కలదని ప్రజలు మొట్టమొదట ఉచ్చైస్స్వరమున చాటిన సందర్భములలో కాశీనగరపు సమ్మె ముఖ్యమైనది. 1810వ సంవత్సరమున కుంఫిణీవారు 15వ రెగ్యులేషను నేర్పరచి, నివాసగృహములమీద సంవత్సరపు అద్దెలో నూటికి 5 వంతునను, దుకాణములమీద నూటికి 10 వంతునను పన్ను విధించిరి. ఆ యేటి డిసెంబరు నెలాఖరున కాశీలో అంగళ్లు మూతపడెను. వృత్తులవారు పనులు మానిరి. పడవలవారు పడవలు కట్టివైచిరి. జనులు వేలకొలదిగ బయలున గుమిగూడి, ఆయుధము పట్టక, పన్ను తీసివేసిన గాని కదలమని కూర్చుండిరి. స్టాంపు సుంకములును, పట్టణపు సుంకములును ఇదివరకే భారముగా నున్నవనియు, ఇల్లు తలదాచుకొనుటకే గాని లాభమునకు కట్టినది కాదనియు విన్నవించుకొనిరి. దొరతనమువారు మొదట బెదరించిరి. తరువాత కొందరికి మినహాయింపు లిచ్చిరి. తుదకు 1812లో ఆ పన్నునే రద్దుచేసిరి. దండయాత్ర లేక, రక్తపాతము లేక, పన్నొకటి తొలగిపోవుట నాటికి వింత.

అయినను పట్టణములు పెరుగుచుండెను. విశూచి, మశూచి ప్రబలినప్పుడు కాలువలు, మంచినీరు, దీపములు లేని పట్టణము బ్రదుకజాలదు. వానికి ధన మెక్కడిది? ఈ యవసరమునుండియే పురపాలక సంఘములు పుట్టినవి. చెన్నపట్టణమున 1688లోనే నగరసంఘ మేర్పడియున్నను, తెలుగు పట్టణములకు ఈ వ్యవస్థ 19వ శతాబ్ది నడుమ గాని రాలేదు. విశాఖతీరమునగల భీమునిపట్టణ సంఘము 1861 నాటిది. 1865, 1871, 1884, 1920 సంవత్సరముల చెన్నపురి శాసనములు ఇంటిపన్నును క్రమముగా పట్టణపు ఆదాయమునకు వెన్నెముకగా చేసెను. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి చేసిన తీర్మానము ఒక క్రొత్త ధర్మమును ప్రకటించెను: పన్ను చెల్లించువారు తమ ప్రతినిధులద్వారా ఆ ధనమును వ్యయపరచుట నేర్చుకొనవలెను. ఇల్లరికిని ఇంటిపన్నునకును గల భేద మిదియే. ధనము ఏ వీథినుండి వచ్చినదో ఆ వీథికి చేరవలెను. దానిని చేర్చువారు వీథివారిచే ఎన్నుకొనబడవలెను.

మాట గొప్పది, ఆచరణము వేరు. దానికి సాక్షి చీరాల పేరాల.

నేత, వ్యవసాయము, వర్తకములతో జీవించు చీరాల పేరాల గ్రామములు నాడు గుంటూరు మండలములోనివి. కొన్ని పేటలతో కూడి అవి యూనియనుగా నున్నప్పుడు ఏటికి సుమారు 4,000 రూపాయల పన్ను చెల్లించుచుండెను. ప్రభుత్వము ఈ రెండు గ్రామములను పురపాలక సంఘముగా మార్చినతోడనే పన్ను 30,000 రూపాయలకు మించెను. అచటి జనసంఖ్య సుమారు 15,000. పెద్దయుద్ధము ముగిసిన కాలమది, ధరలు మండిపోవుచుండెను. మాకు మ్యునిసిపాలిటీ అక్కరలేదని ప్రజలు మహజర్లు పంపుకొనిరి. ఎన్నికైన సభ్యులు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము జీతగాడైన అధికారిని అధ్యక్షునిగా నియమించి పన్ను వసూలునకు పూనుకొనెను. చెల్లింపనివారిని శిక్షించిరి; చెరకు పోయినవారిలో ఒక స్త్రీయు నుండెను.

ఈ పోరాటమునకు నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో చదివి వచ్చిన యీ పండితుడు రామదండు అను స్వచ్ఛందసేన నేర్పరచి ప్రజలను శాంతియుతముగ నడపెను. 1921 మార్చి, ఏప్రిలు నెలల సంధిని బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. పిమ్మట గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. అహింసతో పన్ను నిరాకరించుట ఒకటి, పురపాలక సంఘపు పొలిమేర దాటి వలసపోవుట రెండవది, ఈ రెండు మార్గములను ఆయన చూపెను. ప్రజలు రెండవదానిని వరించిరి. ఆ వేసవిలో సుమారు 13,000 మంది ఇండ్లకు తాళములు వేసి, పొలిమేర అవల పాకలు కట్టుకొని, దానికి రామనగరమని పేరిడిరి. తమ పంచాయతిని తామే ఎన్నుకొనిరి. తగవులను తామే తీర్చుకొనిరి. పదునొకండు నెలలు, ఎండకును వానకును ఓర్చి, ఆ పాకలలో కాపురములు సాగెను. సొంతయింటి తాళపుచెవిని కొంగున ముడివైచుకొని, పాకలో పొయ్యి రాజవేసిన ఆ యిల్లాండ్ర ఓర్పును మన చరిత్రకారులు ఇంకను తగినంతగా వ్రాయలేదు. గోపాలకృష్ణయ్యను బరంపురమున నిర్బంధించి ఏడాది శిక్ష విధించిరి. నాయకుడు లేకపోయెను, చేతిలోని ధనము తరిగిపోయెను, 1922 ఆరంభమున జనులు తిరిగి ఇండ్లు చేరిరి. పురపాలక సంఘము నిలిచిపోయెను.

ఈ కథను ఓటమిగా చెప్పువారు కలరు, విజయముగా చెప్పువారును కలరు. మన మింకొక రీతిని చూడవలెను. చీరాలకు పారిశుద్ధ్యము అక్కరలేదని ఎవరును అనజాలరు. పెరుగుచున్న పట్టణమునకు వ్యయము తప్పదు. నేడును చీరాల పురపాలక సంఘమే. అచటివారు పన్ను చెల్లించుచునే యున్నారు. కావున దోషము పన్నులో లేదు. పన్ను ఎందుకు పెరిగినదో ప్రజలకు నచ్చజెప్పక, వారి ప్రతినిధులు వలదన్నదానిని జీతగానిచే వసూలు చేయించుటలో నున్నది. లెక్క చెప్పనివాని చేతిలో రూపాయి యైనను భారమే.

ఇంటిపన్నునకు ఆ కాలమున మరియొక శక్తి కలదు: ఓటు. పన్ను చెల్లించినవారికే ఓటుహక్కు. చెన్నపురి శాసనసభ 1921లో స్త్రీలకు ఓటుండరాదను అడ్డును తొలగించెను. కాని ఆస్తి యర్హత నిలిచియే యుండెను. పన్నుచీటిమీద పేరు మామగారిదో, మగనిదో. ఇంటిని ఊడ్చి, అలికి, గోడలకు సున్నము వేసి నిలిపిన ఇల్లాలి పేరు ఆ చీటిమీద లేదు; కావున ఓటును లేదు. 1950లో రాజ్యాంగము అమలునకు వచ్చి, వయసు వచ్చిన ప్రతివారికిని ఓటు సిద్ధించెను. పన్నునకును ఓటునకును గల ముడి విడిపోయెను. ఇది గొప్ప న్యాయము. అయితే ముడి విడినపిమ్మట మనము రెండింటిని వేరువేరుగా మరచితిమి. ఓటు వేయునప్పుడు పన్ను గుర్తుండదు; పన్ను కట్టునప్పుడు ప్రతినిధి గుర్తుండడు. విశాఖపట్టణ మహానగరమున 2007 తరువాత మరల 2021లో గాని పురపాలక ఎన్నికలు జరుగలేదు. 2012 మొదలు తొమ్మిదేండ్లు ప్రజాప్రతినిధులు లేక అధికారులే నగరము నేలిరి. పన్ను మాత్రము ఏటేట వసూలయ్యెను. చీరాల ప్రజలు ఇండ్లు విడిచి వెడలుటకు చాలిన కారణము, మనకు పత్రికలో చదివి మడిచిపెట్టు వార్త యైనది.

ఇక చీటిని విప్పి చూతము. హైదరాబాదు మహానగరమున పన్నునకు ఆధారము అద్దెవిలువ. ఉదాహరణమునకు 1,000 చదరపుటడుగుల నివాసగృహమునకు అడుగునకు నెలకు రూపాయిన్నర చొప్పున విలువ కట్టిరనుకొందము. నెలకు 1,500, ఏటికి 18,000 రూపాయలు. నెలవిలువ 300 రూపాయలు మించిన ఇంటికి పన్ను నూటికి 30 వంతు, అనగా 5,400. ఇల్లు ఇరువదియైదేండ్ల లోపుది యైనచో తరుగుదలక్రింద నూటికి 10 తగ్గించిన 4,860 మిగులును. నలువది యేండ్లు దాటిన ఇంటికి నూటికి 30 తగ్గవలెను. దీనిమీద గ్రంథాలయ సెస్సు నూటికి 8. అంతయు కలిపి 5,248 రూపాయల 80 పైసలు; అర్ధసంవత్సరమునకు అందులో సగము. ఆంధ్రప్రదేశ్ పట్టణములలో 2021 ఏప్రిలు మొదలు అద్దెవిలువ పోయి, ఆస్తి మూలధనపు విలువ ఆధారమైనది. తెలంగాణమున 2019 నాటి చట్టము యజమానియే కొలతలు ప్రకటించునట్లు చేసి, అబద్ధమాడినవానికి పన్నునకు 25 రెట్లు జరిమానా నిర్ణయించినది.

కావున చీటిలో చూడవలసినవి కొన్నియే: విస్తీర్ణము సరియా, ఇంటి వయసు సరియా, నివాసమును వాణిజ్యముగా వ్రాసిరా, పాతబాకీ నిజముగా మనదేనా. తప్పున్నచో నోటీసులోని గడువులోపల విన్నపము పెట్టుకొనవచ్చును. గడువు దాటి కట్టినచో నెలకు నూటికి 2 వంతున వడ్డీ పడును. రసీదును దాచుకొనవలెను, కాని పన్ను కట్టినంతమాత్రమున ఇల్లు తమదగునని భ్రమపడరాదు. రసీదు హక్కుపత్రము కాదని న్యాయస్థానములు పలుమారులు చెప్పియున్నవి.

ఆ చీటిలోని గ్రంథాలయ సెస్సును గూర్చి ఒకమాట. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినప్పుడు, అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఊరూర చందాలెత్తి, పుస్తకములు మోసి గ్రంథాలయములు నిలిపిరి. 1948 నాటి చెన్నపురి గ్రంథాలయ చట్టము ఆ భారమును ఇంటిపన్నుమీది సెస్సుగా మార్చెను. అనగా ఆనాటి దాతల చందా నేడు ప్రతిగృహమును చెల్లించుచున్నది. కాని పురపాలక సంఘములు వసూలుచేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేర్పక బాకీపడుట తరచుగా వినుచున్నాము. మన వీథి గ్రంథాలయమున క్రొత్త పుస్తకము రాకున్న యెడల, దానికి మన మిచ్చిన సొమ్మేమైనదని అడుగుటకు మనకంటె తగినవారెవరు?

పన్ను ఎగవేయుట పౌరుషము కాదు. అడుగక చెల్లించుట సుగుణమును కాదు. కాశీవారు కూర్చుండి యడిగిరి. చీరాలవారు ఊరు విడిచి యడిగిరి. మనకు అంత శ్రమ అక్కరలేదు. ఈమారు చీటి వచ్చినప్పుడు ఇంటనున్న పెద్దలును పిల్లలును, ముఖ్యముగా గృహిణియు, కూర్చుండి దానిని పంక్తి పంక్తిగా చదువుడు. లెక్క సరియైనచో గడువులోపల చెల్లింపుడు. ఆ పిమ్మట మీ వార్డు ప్రతినిధి కడకు పోయి, మా వీథి కాలువ సంగతి యేమని యడుగుడు. ప్రతినిధియే లేనిచో, ఎన్నిక ఎప్పుడని యడుగుడు.