ఒకటియ్యి మామా

మైదుకూరు నాలుగురోడ్ల కాడ మా నాయనకు బంకు ఉండేది. కడప, కర్నూలు, పొద్దుటూరు, బద్వేలు బస్సులన్నీ ఆ పక్కగా పోవాల్సిందే. బంకు గుంజకు కొబ్బరితాడు కట్టి కొస రగిలించి పెట్టేవాడు. జనం మెడ వంచి బీడీ దానికి ఆనించి దమ్ము లాగేవాళ్లు. బడిపిల్లోళ్లకు తాడు అందక మునివేళ్ల మీద లేచేవాళ్లు.

"ఒకటియ్యి మామా, మా నాయనకు" అనేవాళ్లు. వాళ్ల నాయనల్లో ఎందరికి పొగ అలవాటు లేదో మా నాయనకు బాగా తెలుసు. అయినా ఇచ్చేవాడు. ఇవ్వొద్దనే చట్టం అప్పట్లో బంకుల దాకా రాలేదు.

పొగాకు దక్కనుకు పోర్చుగీసువాళ్ల వెంట వచ్చింది. 1617లో మొగలు పాదుషా జహంగీరు వద్దన్నాడు, ఎవరు విన్నారు గనక! కన్యాశుల్కం నాటకంలో వెంకటేశానికి గిరీశం దగ్గర అబ్బిన చదువు చుట్ట కాల్చడమే. మేం నవ్వుకుంటూ చదివినాం. నిజానికి చుట్ట పిల్లోణ్ణి కొంతవరకు తానే ఆపుతుంది. ఆ ఘాటుకు పొగ గొంతు దిగదు. బ్యారన్లో వేడికి ఆరిన వర్జీనియా ఆకు సంగతి వేరు. ఆ ఆకుతో చేసిన సిగరెట్టు పొగ మెత్తగా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది, పది సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఎదిగే వయసు మెదడు దాన్ని ఇట్టే మరుగుతుంది. ఆదివారం సినిమాకు పోతా ఒకటి కొన్నోడు, నెల తిరిగేసరికి బడిగంటకు ముందే బంకు కాడ నిలబడేవాడు. చార్మినార్ సిగరెట్టు దొరకని పూట చిరాకు, తలనొప్పి.

ఆ పిల్లోళ్లలో ప్యాకెట్టు కొన్నవాడు లేడు. అంతా విడి బేరమే. 2003 చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు అమ్మొద్దంది, బడికి వంద గజాల్లోపల అసలే అమ్మొద్దంది. 2016 నుంచి ప్యాకెట్టు మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాల. విడిగా ఒకటి కొనేవాడికి ఆ బొమ్మ కంటపడితే గదా! 2019 జాతీయ సర్వేలో 13–15 ఏళ్ల బడిపిల్లల్లో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నామన్నారు.

ఈ-సిగరెట్లను అదే ఏడు దేశమంతటా నిషేధించినారు. అయినా మొన్న సెలవులకు హాస్టలు నుంచి వచ్చిన మా చెల్లెలి కొడుకు జేబులో పెన్నులాంటిది దొరికింది, మామిడిపండు వాసన. బీడీ అయితే వేలు కాలేసరికి పారేస్తారు, దీనికి ఆ అడ్డూ లేదు. పక్క మీద పడుకుని కూడా పీలుస్తాడంట. ఎక్కడిదిరా అంటే ఫోను చూపించినాడు.

"ఎప్పుడంటే అప్పుడు మానేస్తా మామా" అన్నాడు. రెండు రోజులు మాని, మూడోనాడు అన్నం కాడ వాళ్లమ్మ మీద ఎగిరినాడు. పొగాకు మానదల్చుకున్నోళ్లకు సర్కారు పెట్టిన ఉచిత ఫోను నంబరు 1800 112 356. 2018 నుంచి దాన్ని ప్యాకెట్ల మీదే అచ్చేస్తున్నారు. వీడు ప్యాకెట్టు ముట్టిందెప్పుడు? నేనే వాడి ఫోన్లో ఎక్కించినా.