వ్యాయామంలో కండరాల పాత్ర: అవగాహన చరిత్ర

ఏ బరువు ఎత్తినప్పుడు ఏయే కండరాలు పనిచేస్తాయో వివరించే శాస్త్రం, బరువులెత్తే సాధన కంటే చాలా తర్వాత పుట్టింది.

కదిరి సీమ విజయనగర ఏలుబడిలో ఉన్న కాలంలో, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను రాసిపెట్టాడు. తెల్లవారకముందే రాయలు నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవాడట. తాగిన నూనె చెమటగా కారేదాకా కత్తిసాము, ఆపైన మల్లుడితో కుస్తీ, తర్వాత గుర్రపు స్వారీ. చేతులు, నడుము, తొడలు అన్నిటికీ పని దొరికే క్రమమిది. తర్వాతి కాలపు తాలింఖానాల్లోనూ దండీలు ఛాతీకి, బస్కీలు తొడలకు అని అనుభవమే నేర్పింది.

ఐరోపాలో వెసాలియస్ శవాలను కోసి చూసి, 1543లో కండరాల చిత్రాలు అచ్చువేయించాడు. కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో వాటితో తెలిసింది. కదిలే మనిషిలో అదేం చేస్తుందో తెలియలేదు. ఫ్రెంచి వైద్యుడు డుషెన్ బతికున్నవారి చర్మం మీదుగా విద్యుత్తు పంపి, ఒక్కో కండరాన్నీ విడిగా బిగింపజేసి, ఆ ఫలితాలను 1867లో గ్రంథంగా తెచ్చాడు. అయితే మనిషి తనంతట తాను కదిలినప్పుడు ఏ కండరమూ ఒంటరిగా పనిచేయదు. మెదడుకు తెలిసింది కదలికలే కాని కండరాలు కావని 1903లో లండన్ ఉపన్యాసాల్లో చెప్పినవాడు చార్లెస్ బీవర్. ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన మాట అదే.

కదిరిలో వేరుశెనగ మూట లేపే హమాలీని చూస్తే అది అర్థమవుతుంది. మూటను పైకి తెచ్చేవి తొడలు, పిరుదులు. పట్టు జారకుండా చూసేవి ముంజేతి కండరాలు. వెన్ను వెంబడి ఉన్నవి నడుము వంగిపోకుండా బిగుసుకుని ఉంటాయి. కదలిక కనిపించకపోయినా వాటి శ్రమ తక్కువది కాదు.

20వ శతాబ్దంలో కండరాల విద్యుత్ సంకేతాలను నమోదుచేసే పరికరాలు వచ్చాయి. ఆ పరిశోధనలను క్రోడీకరించిన బస్మాజియన్ పుస్తకం ‘మజిల్స్ ఎలైవ్’ 1962లో వెలువడింది. సంకేతం బలంగా ఉన్నంత మాత్రాన కండ పెరుగుతుందని చెప్పలేం. పెరుగుదలను ఎంఆర్ఐతో నేరుగా కొలవవచ్చు. అలా కొలిచిన జపాన్ పరిశోధకులు 2019లో ప్రకటించిన ఫలితం గమనించదగ్గది: 10 వారాలు బరువుతో బస్కీలు తీసినవారిలో తొడ ముందుభాగం మొత్తం మీద పెరిగింది, వెనుకభాగం పెరగలేదు. తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటే ఆ వెనుక కండరాలు బస్కీలో ఒకచోట సాగుతూ మరోచోట కుంచించుకుంటాయి. మొత్తం పొడవు పెద్దగా మారదు. అందుకే వాటికి మడమను పిరుదు వైపు మడిచే వ్యాయామం విడిగా చేయిస్తారు.