సెటప్‌కే డబ్బులు

2000ల మధ్యలో కాలేజీ ప్రాజెక్ట్ కావాలంటే హైదరాబాద్ అమీర్‌పేటకి రావాల్సిందే. మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్, ఆ వెనక సందుల్లో ఇరుకు గదులు. బీటెక్, ఎంసీఏ చివరి సెమిస్టర్ మొదలైందంటే పిల్లలు బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా మెట్లెక్కేవాళ్లు. కోడ్‌కో రేటు, సెటప్‌కో రేటు, బంగారు రంగు అక్షరాల అట్టతో బైండింగ్ చేసిన డాక్యుమెంటేషన్‌కి ఇంకో రేటు. నేను సెటప్ మనిషిని, కోడ్‌ని పిల్లల కంప్యూటర్లో నడిచేలా చెయ్యడం నా పని. కోడ్ ఎవరు రాశారో నాకూ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు.

అంతకుముందు టాపిక్కులంటే లైబ్రరీ మేనేజ్‌మెంట్, పేరోల్, హాస్పిటల్. 2002లో రైల్వే టికెట్లు ఇంటర్నెట్‌లోకి వచ్చాక ప్రతి బ్యాచ్‌కీ ఆన్‌లైన్ బుకింగే కావాలి. సినిమా సీట్ల కోడ్‌నే బస్సు సీట్లకి మార్చేవాళ్లు. దాన్నే ఇంకాస్త సర్ది కోచింగ్ సెంటర్ క్లాస్ బుకింగ్ అనేవాళ్లు. హెడింగులు మారేవి గానీ లోపల టేబుళ్లకి ‘షోటైమ్స్’, ‘స్క్రీన్’ అన్న పేర్లే మిగిలేవి. కాస్త చూసే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే.

కోడ్ పంచుకోవడం అమీర్‌పేట కనిపెట్టిందేం కాదు. 1955లో లాస్ ఏంజెలెస్ ప్రాంతపు ఐబీఎం కంప్యూటర్ వాడకందార్లు ‘షేర్’ అనే సంఘం పెట్టుకుని, ఒకరి ప్రోగ్రాములు ఇంకొకరికి ఇచ్చుకున్నారు. సాఫ్ట్‌వేర్‌కి విడిగా ధర కడతామని ఐబీఎం 1969లో ప్రకటించింది. కోడ్‌ని దాచేసే అలవాటు పెరిగింది. ఆ మూసేసిన తలుపుల మీద కోపంతోనే ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1989లో జీపీఎల్ లైసెన్సు రాశాడు. మన దగ్గర పీసీక్వెస్ట్ పత్రిక 1996లోనే లైనక్స్ సీడీ పంచింది. వాళ్లంతా రాసినవాడి పేరు ఉంచి పంచారు. మా గదుల్లో మాత్రం ఫైలు పైనున్న పేరు చెరిపేసి బ్యాచ్ పిల్లల పేర్లు టైపు చేసేవాళ్లు. ఇది వ్యాపారమే, పంపకం అనడానికి నాకు నోరు రాదు.

ప్రాజెక్టులు సీడీల్లోనే వచ్చేవి. జావా సీడీలైతే టామ్‌క్యాట్, ఒరాకిల్ ఎక్కించాలి. యూజర్ పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. స్కాట్ అంటే ఒరాకిల్ తొలినాటి ఉద్యోగి, టైగర్ వాళ్లమ్మాయి పెంచుకున్న పిల్లి. సీడీలు మారినా ఆ పిల్లి మాత్రం మారలేదు.

పీహెచ్‌పీ వాళ్లకి 2002లో వచ్చిన జాంప్ పెద్ద ఊరట. అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ ఒక్క ఇన్‌స్టాలర్‌లో దిగేవి. జిప్ విప్పి హెచ్‌టీడాక్స్ ఫోల్డర్లో పడెయ్యాలి. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో కాన్ఫిగ్ ఫైల్లో ఉన్న పేరుతోనే డేటాబేస్ తెరిచి, ఎస్‌క్యూఎల్ ఫైలు ఇంపోర్ట్ చెయ్యాలి. యూజర్ రూట్, పాస్‌వర్డ్ ఖాళీ. ఇంతే. ఈ ఇంతేలోనే మా జీతాలు వచ్చేవి. “అన్నా, అపాచీ ఆన్ కావట్లే” అని ఫోనొస్తే ముందు స్కైప్ మూసెయ్యమనేవాణ్ని, 80 పోర్టుని అది పట్టుకుని కూర్చునేది. ఇంపోర్ట్ మధ్యలో ఆగితే ఫైలు 2 ఎంబీ దాటిందన్నమాట. పీహెచ్‌పీ ఐఎన్‌ఐలో అప్‌లోడ్ పరిమితి పెంచాలి. తెలుగులో పేరు టైపు చేస్తే ప్రశ్నార్థకాలు పడేవి. మైఎస్‌క్యూఎల్‌ది పుట్టుకతో లాటిన్ అక్షరాల అమరిక, అది 2018లో 8.0 వచ్చేదాకా మారలేదు.

క్లాస్ బుకింగ్‌కి ఇంకో జబ్బుండేది. చివరి సీటు ఒక్కటే మిగిలినప్పుడు ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరికీ ‘కన్ఫర్మ్’ అని వచ్చేది. ముందు సీట్లు లెక్కపెట్టి, తర్వాత వరస రాసే కోడ్ అది. రెంటి మధ్యలో ఇంకొకడు దూరకుండా టేబుల్‌కి తాళం వేసే లైను ఎవరూ రాయలేదు. ట్రాన్సాక్షన్‌లో పెట్టి చూసినా ఫలితం సున్నా, ఎందుకంటే అప్పటి మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా తయారయ్యే మైఐశామ్ టేబుళ్లకి ట్రాన్సాక్షన్ పట్టదు. 2010 చివర్లో 5.5 వచ్చి ఇన్నోడీబీని మామూలు చేసింది. అయినా ఆ పాత ఎస్‌క్యూఎల్ ఫైళ్లలో ‘ఇంజిన్ ఈక్వల్స్ మైఐశామ్’ అన్న ముక్క అలాగే ఉండటంతో జబ్బు సీడీ వెంటే తిరిగింది.

2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7, డేటాబేస్‌కి కలిపే పాత మైఎస్‌క్యూఎల్_కనెక్ట్‌ని తీసేసింది. అంతే, బీరువాల్లో ఉన్న సీడీలు సగం చచ్చిపోయాయి. అప్పటికే 2008లో వచ్చిన, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ పిల్లల చేతికి అందింది. కోడ్ ఊరికే దొరుకుతోంది, సెటప్ మాత్రం ఇప్పటికీ దొరకడం లేదు. అక్కడి రిపోలో డేటాబేస్ ఫైలు ఉండదు, వెర్షన్ రాయరు, లైసెన్సు పెట్టరు. లైసెన్సు లేని కోడ్‌ని చూడొచ్చు గానీ మార్చి వాడుకునే హక్కు చట్టప్రకారం ఎవరికీ రాదు.

మీ క్లాస్ బుకింగ్ కోడ్ పంచదలిస్తే ఎస్‌క్యూఎల్ ఫైలు పెట్టండి, ఏ పీహెచ్‌పీ మీద నడిపారో ఒక్క లైను రాయండి, అసలు పాస్‌వర్డులు కాన్ఫిగ్‌లో వదిలెయ్యకండి, మీకంటే ముందు రాసినవాళ్ల పేరు చెరపకండి.